బల్ల ఎవరిది? బిలియర్డ్స్‌లో ఆడవాళ్ల టూర్ల కథ

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఇంత ఎండలో వచ్చారు. చాలా సంతోషం.

కిందటిసారి నేనిక్కడికి వచ్చినప్పుడు ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచి ఒక ప్రశ్న అడిగింది. "మేడమ్, ఈ ఆటలో పరుగు లేదు, బరువులెత్తడం లేదు, ఒకరినొకరు తోసుకోవడం లేదు. మరి ఆడవాళ్లకు వేరే పోటీలు ఎందుకు?" అని. అప్పటికే హాలు ఖాళీ చేయాల్సిన టైమ్ అయింది. రెండు ముక్కలు చెప్పి బస్సెక్కాను. దారి పొడవునా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అంత మంచి ప్రశ్నకు అంత చిన్న జవాబిచ్చానే అని బాధేసింది. ఆ అమ్మాయి ఈ రోజు కూడా వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. అమ్మా, ఈ రోజు నేను మాట్లాడేదంతా నీకు జవాబే.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. బంతిని కొట్టే పొడుగు కర్రను క్యూ అంటారు, బంతులు పడే సంచుల్లాంటి గుంటలను పాకెట్లు అంటారు. బిలియర్డ్స్ అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ అందులో చాలా ఆటలున్నాయి. పాకెట్లు లేని బల్ల మీద మూడు బంతులతో ఆడేది కేరమ్ బిలియర్డ్స్. అందులో త్రీ కుషన్ అనే ఆటలో మన బంతి ఆఖరి బంతిని తాకేలోపు కనీసం మూడుసార్లు బల్ల అంచులకు తగలాలి. పన్నెండు అడుగుల పెద్ద బల్ల మీద పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగుల బంతులతో ఆడేది స్నూకర్. ఇది 1875లో మన దేశంలోనే, జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టింది. తొమ్మిది అడుగుల బల్ల మీద నంబర్లున్న బంతులతో అమెరికావాళ్లు ఎక్కువగా ఆడేది పూల్. ఈ రోజు కథలో మూడూ వస్తాయి. ఎందుకంటే గొప్ప ఆడవాళ్లలో చాలామంది ఒక ఆట నుంచి ఇంకో ఆటకు వలస వెళ్లారు. ఆ వలస ఎందుకు జరిగిందో అర్థమైతే ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

నాకు ఆట నేర్పింది మా బాబాయి. ఆయనది రైల్వేలో ఉద్యోగం. కాలనీ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాత బల్ల ఉండేది. గుడ్డ రెండుచోట్ల చిరిగితే కుట్లు వేశారు. మధ్యాహ్నాలు ఎవరూ ఉండరు కాబట్టి నన్ను తీసుకెళ్లేవాడు. మొదటి నెలరోజులు ఒక్క బంతిని కూడా పాకెట్లో వేయనివ్వలేదు. "తెల్ల బంతిని నేరుగా ఎదుటి అంచుకు కొట్టు. అది తిరిగొచ్చి నీ క్యూ కొనకే తగలాలి. ఎడమకో కుడికో పోయిందంటే నీ చెయ్యి వంకరగా పోయిందన్నమాట" అనేవాడు. రోజూ అదే పని. తర్వాత డిగ్రీకి సిటీకి వచ్చాను. హాస్టల్‌కు దగ్గర్లో ఒక స్నూకర్ పార్లర్ ఉంటే వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇక్కడికి లేడీస్ రారమ్మా, మీకే ఇబ్బంది" అన్నాడు. కోపంగా కాదు, నా మంచి కోరుతున్నట్టే అన్నాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను. ఆ తర్వాత మూడేళ్లు క్యూ ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ల వయసులో మూడేళ్లంటే ఈ ఆటలో ఎంత నష్టమో ఆడినవాళ్లకు తెలుస్తుంది.

ఇది నాకొక్కదానికే జరిగింది కాదు. స్నూకర్‌కు పుట్టిల్లు మన దేశమైతే, పెరిగిన ఇల్లు ఇంగ్లండ్. అక్కడ కార్మికుల క్లబ్బులు వేల సంఖ్యలో ఉండేవి. సాయంత్రం పని ముగించుకొని బీరు తాగి, స్నూకర్ ఆడుకునే చోట్లు. 1978లో వేక్‌ఫీల్డ్ అనే ఊళ్లో షీలా క్యాప్‌స్టిక్ అనే ఆవిడ అలాంటి క్లబ్బులో స్నూకర్ ఆడేది. ఒకరోజు కమిటీవాళ్లు ఇక నుంచి ఆడవాళ్లు ఆడకూడదని చెప్పారు. ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోలేదు. పిటిషన్లు పెట్టింది, ధర్నాలు చేసింది, దేశమంతటా ఉద్యమం నడిపింది. ఆ క్లబ్బుల యూనియన్ ఆడవాళ్లకు సమాన సభ్యత్వం ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 2007లో. ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. అప్పటికీ అన్ని తలుపులూ తెరుచుకోలేదు. 2019లో రెబెకా కెన్నా అనే క్రీడాకారిణి తన ఊరి లీగ్ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. లీగ్ మ్యాచ్‌లు జరిగే క్లబ్బుల్లో కొన్ని మగవాళ్లకు మాత్రమే. అప్పటికే ఆమె ప్రపంచస్థాయిలో పేరున్న ఆటగత్తె. తన జట్టు ఆడుతుంటే లోపలికి వెళ్లే వీల్లేదు.

ఈ ఆటలో బలం అక్కర్లేదన్న మాట దాదాపు నిజమే. పూల్‌లో బ్రేక్, అంటే పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి దెబ్బ, కొట్టేటప్పుడు కొంత పనికొస్తుంది, కాదనను. మిగతాదంతా చూపు, చెయ్యి, ఓపిక. ఇంకొకటి కూడా కావాలి, గంటలు. బల్ల దగ్గర గడిపిన గంటలు. పన్నెండేళ్ల వయసు నుంచి రోజూ నాలుగైదు గంటలు బల్ల దొరికిన పిల్లవాడికీ, బల్ల ఉన్న గదిలోకే వెళ్లలేని పిల్లకీ మధ్య పోటీ పెట్టి, ఇద్దరికీ రూల్స్ ఒకటే కదా అంటే ఎలా?

అలాగని అవకాశం దొరికినవాళ్లు ఆడలేదా అంటే, అద్భుతంగా ఆడారు. జపాన్‌లో మసాకో కత్సురా అనే అమ్మాయి ఉండేది. బావగారికి బిలియర్డ్స్ పార్లర్ ఉంది, అదీ ఆమె అదృష్టం. పద్నాలుగేళ్లకే అక్కడ పనికి కుదిరింది, పని మధ్యలో ఆడుతూ ఆడుతూ జపాన్ ఛాంపియన్లకు సాటి వచ్చింది. ఒక అమెరికన్ సైనికోద్యోగిని పెళ్లి చేసుకొని 1951లో అమెరికా వెళ్లింది. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో త్రీ కుషన్ ప్రపంచ పోటీ. బిలియర్డ్స్‌లో ప్రపంచ టైటిల్ కోసం బరిలోకి దిగిన మొదటి మహిళ ఆమే. విలీ హాప్పే లాంటి మహామహుల మధ్య ఏడో స్థానం. మరుసటి ఏడు ఐదో స్థానం. 1954లో నాలుగు. ఏడు, ఐదు, నాలుగు. ఈ మూడు అంకెలు నాకు చాలా ఇష్టం. ఆమె చుట్టూ పత్రికలవాళ్లు రాసిందంతా కిమోనో గురించీ, ఆమె ఎత్తు గురించీ. అంకెలు మాత్రం ఆట గురించి చెబుతున్నాయి.

కానీ కత్సురా వెనక ఇంకో కత్సురా రాలేదు. ఎందుకంటే ఆమె అతిథి. ఒక పెద్ద ఛాంపియన్ ఆమె ఆట చూసి ముచ్చటపడి పిలిపించాడు, వచ్చి ఆడింది. పిలిచేవాళ్లు లేకపోతే ఆడే చోటే లేదు. ఇంగ్లండ్‌లో కూడా అంతే. 1930ల్లోనే జాయిస్ గార్డ్‌నర్, రూత్ హారిసన్, థెల్మా కార్పెంటర్ లాంటి ప్రొఫెషనల్ మహిళలు ఉండేవాళ్లు. 1934లో మహిళల ప్రొఫెషనల్ స్నూకర్ పోటీ మొదలైంది. బల్లలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ తన హాల్లో జరిపించేది. 1950తో ఆ పోటీ ఆగిపోయింది. తర్వాత పాతికేళ్లకు పైగా ఆ స్థాయి పోటీ ఏమీ లేదు. ఒక తరం తరమే ఖాళీ.

ఇప్పుడు 1976కు వద్దాం. ఆ ఒక్క సంవత్సరంలో అట్లాంటిక్‌కు ఇటూ అటూ రెండు సంఘటనలు జరిగాయి. ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో మహిళల స్నూకర్ ప్రపంచ పోటీ మళ్లీ పెట్టారు. గెలిచింది వేరా సెల్బీ, కాలేజీలో ఆర్ట్, టెక్స్‌టైల్ డిజైన్ పాఠాలు చెప్పే లెక్చరర్. అయిదేళ్ల తర్వాత 51 ఏళ్ల వయసులో ఆవిడే మళ్లీ ప్రపంచ విజేత అయింది. 51 ఏళ్లకు! అదే 1976లో అమెరికాలో మ్యాడలిన్ విట్లో అనే క్రీడాకారిణి మరో ఇద్దరితో కలిసి మహిళా ప్రొఫెషనల్ బిలియర్డ్స్ సంఘం పెట్టింది. డబ్ల్యూపీబీఏ అంటారు. మూడేళ్ల ముందే టెన్నిస్‌లో బిల్లీ జీన్ కింగ్ మహిళలందరినీ ఒక సంఘం కిందికి తెచ్చింది. ఆ గాలి అన్ని ఆటలకూ తగులుతున్న రోజులవి.

సంఘం పెట్టినప్పుడు అమెరికాలో ఒక అసాధారణమైన అమ్మాయి ఆడుతోంది. జీన్ బలూకస్, బ్రూక్లిన్ పిల్ల. వాళ్ల ఇంట్లోవాళ్లకు పూల్ పార్లర్ ఉంది. చూశారా, మళ్లీ అదే. బావగారి పార్లర్, నాన్నగారి పార్లర్. ఈ చరిత్రలో ఏ పేరు పట్టుకొని వెనక్కి లాగినా ఒక సొంత బల్ల దగ్గరికే వెళ్తాం. జీన్ తొమ్మిదేళ్లకు పూల్ యూఎస్ ఓపెన్‌లో ఆడి ఐదో స్థానంలో నిలిచింది. పదమూడేళ్లకు ఆ టైటిల్ గెలిచింది, ఆ తర్వాత వరసగా గెలుస్తూనే పోయింది. 1985లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అప్పటికి ఆమెకు 26 ఏళ్లు. మగవాళ్ల టోర్నీల్లోనూ ఆడి గెలిచిన మ్యాచ్‌లున్నాయి. కానీ 1988లో, ఇంకా ముప్ఫై కూడా నిండకుండానే, పోటీలు వదిలేసి వెళ్లిపోయింది. సంఘంతో ఒక గొడవ, జరిమానా, అది కట్టనన్న పట్టుదల. నేను ఎవరి పక్షమూ తీసుకోను. కానీ ఒక సంగతి గమనించండి. ఆ రోజుల్లో మహిళల పోటీలు చాలావరకు మగవాళ్ల టోర్నీకి తోకలాగా జరిగేవి. ప్రైజ్‌మనీ తక్కువ, మంచి టైమ్, మంచి బల్లలు వాళ్లకు పోగా మిగిలినవి వీళ్లకు. అంత గొప్ప క్రీడాకారిణిని నిలబెట్టుకునేంత బరువు ఆ పోటీకి లేకపోయింది. ఈ మాట చెబుతుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

1993లో ఆ తోకను వాళ్లే తెంపుకున్నారు. టూర్ అంటే ఊరూరా తిరుగుతూ ఏడాది పొడవునా ఆడే టోర్నీల వరస. మగవాళ్ల టూర్ నుంచి విడిపోయి సొంతంగా 'క్లాసిక్ టూర్' మొదలుపెట్టారు. ఈ నిర్ణయం ఎంత పెద్దదో ఒక్క నిమిషం ఆలోచించండి. అంతవరకు హాలు, బల్లలు, రెఫరీలు, టికెట్లు అన్నీ ఇంకొకరు చూసుకునేవాళ్లు. విడిపోతే అన్నీ నెత్తిన పడతాయి. స్పాన్సర్‌ను వాళ్లే వెతకాలి. హోటల్ వాళ్లతో వాళ్లే మాట్లాడాలి. పగలు మ్యాచ్ ఆడినవాళ్లే రాత్రి కమిటీ మీటింగులో కూర్చోవాలి. అయినా విడిపోయారు. ఎందుకంటే టీవీతో మాట్లాడే హక్కు కూడా వాళ్ల చేతికి వస్తుంది.

ఆ టీవీ ఈఎస్పీఎన్. నైన్ బాల్ అనే ఆట టీవీకి అతికినట్టు సరిపోతుంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా బంతులు, బల్ల మీద అన్నిటికన్నా చిన్న నంబర్ బంతిని ముందు తాకాలి, తొమ్మిదో బంతి వేసినవాళ్లకు ఆట. రూల్స్ ఇంతే, చూసేవాళ్లకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ఒక్కో ఆట కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. అలా వారాంతాల్లో ఇళ్లల్లోకి మహిళల పూల్ వచ్చింది. జెనెట్ లీ ఇంటింటి పేరయింది. కొరియన్ కుటుంబంలో బ్రూక్లిన్‌లో పుట్టిన అమ్మాయి, చిన్నప్పుడే వెన్నెముక వంకరకు పెద్ద ఆపరేషన్ అయింది, వీపులో లోహపు కడ్డీలు. పద్దెనిమిదేళ్లకు మన్‌హట్టన్‌లో ఒక పూల్ హాల్లోకి అడుగుపెట్టి ఆట మీద ప్రేమలో పడింది. 1994కల్లా మహిళల్లో నంబర్ వన్. నల్ల దుస్తులు, నల్లటి పొడుగు జుట్టు, 'బ్లాక్ విడో' అన్న పేరు. అందం చూపించి ఆట అమ్ముతున్నారని అప్పుడు విమర్శించినవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది కూడా. కానీ నొప్పితో వంగలేని వీపుతో బల్ల మీదికి గంటల తరబడి వంగి ఆడటం ఒకసారి ఊహించుకోండి. నేను చూసింది దాన్నే.

ఇదే సమయంలో మగవాళ్ల టూర్ ఏమైంది? సిగరెట్ కంపెనీ డబ్బుతో కొన్నేళ్లు వెలిగి, గొడవలు పడి, 1990ల చివరికి కూలిపోయింది. తోక అనుకున్నది నిలబడింది.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి దగ్గరికి వచ్చాను. అలిసన్ ఫిషర్. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పుట్టింది. 17 ఏళ్లకు, 1985లో మహిళల స్నూకర్ ప్రపంచ ఛాంపియన్. మొత్తం ఏడుసార్లు గెలిచింది. 1991లో మగవాళ్ల స్నూకర్ దిగ్గజం స్టీవ్ డేవిస్‌తో జంటగా మిక్స్‌డ్ డబుల్స్ ప్రపంచ టైటిల్ కూడా. ఆ రోజుల్లోనే ప్రొఫెషనల్ స్నూకర్ తలుపులు అందరికీ తెరిచారు. ఫీజు కట్టినవాళ్లెవరైనా, ఆడవాళ్లయినా, మగవాళ్లయినా రావచ్చన్నారు. పేపర్లన్నీ సమానత్వం వచ్చేసిందని రాశాయి. అలిసన్ కూడా సంతోషంగా చేరింది.

ఏం జరిగింది? తలుపు లోపల వందల మంది కొత్తవాళ్లు. క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ప్రేక్షకులు లేని హాళ్లలో. ప్రయాణం, బస, ఫీజు అన్నీ సొంత డబ్బు. మొదటి రౌండ్లలో ఓడితే చేతికి ఏమీ రాదు. మహిళల పోటీల్లో గెలిస్తే వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. ప్రపంచ ఛాంపియన్‌కు బతుకుతెరువు లేదు. అందుకని 1995 అక్టోబర్‌లో అలిసన్ ఇంగ్లండ్ వదిలి అమెరికా వెళ్లింది. ఏడు ప్రపంచ టైటిళ్లు వెనక వదిలేసి, 27 ఏళ్ల వయసులో, తాను ఎప్పుడూ ప్రొఫెషనల్‌గా ఆడని ఆటలోకి.

ఆ మార్పు ఎంత కష్టమో కాస్త చెబుతాను, క్షమించండి, ఇక్కడ నాకు మాట ఆగదు. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతి 57. బంతి పెద్దది, బరువు. క్యూ కొన స్నూకర్‌లో సన్నం, పూల్‌లో మందం. స్నూకర్ పాకెట్ల మూల గుండ్రంగా ఉంటుంది, కాస్త పక్కకు పోయిన బంతిని బయటికి నెట్టేస్తుంది. పూల్ పాకెట్ వెడల్పు, బంతి పడుతుంది. అయితే సుఖమే కదా అంటారేమో. కాదు. బంతి వేయడం తేలికయ్యేసరికి పోటీ అంతా తర్వాతి షాట్‌కు తెల్ల బంతిని ఎక్కడ నిలిపామన్న దాని మీదికి పోతుంది. తెల్ల బంతిని పక్కకు తిప్పడం, రెండు మూడు అంచులకు కొట్టి దాక్కున్న బంతిని తాకించడం, గట్టిగా బ్రేక్ కొట్టడం, ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాలి. ఆమె దగ్గరున్నది ఒకే ఒక ఆస్తి, అచ్చం నేరుగా వెళ్లే క్యూ. పన్నెండు అడుగుల బల్ల మీద పెరిగిన చెయ్యి. మా బాబాయి చెప్పింది అదే కదా, తిరిగొచ్చి క్యూ కొనకే తగలాలని. అమెరికాలో ఆమె రెండో టోర్నమెంటే గెలిచింది. 1996, 97, 98 వరసగా మూడేళ్లు నైన్ బాల్ ప్రపంచ ఛాంపియన్. 2001లో నాలుగోసారి.

ఆమె వెనకే 1998లో ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన కేరన్ కార్ వచ్చింది. ఈమె కూడా స్నూకర్ ప్రపంచ ఛాంపియనే, మూడుసార్లు. కొద్దికాలంలోనే అలిసన్‌కు గట్టి పోటీ అయింది, ఇద్దరి మధ్య ఫైనల్స్ కోసం జనం ఎదురుచూసేవాళ్లు. ఆ తర్వాత కెల్లీ ఫిషర్, అలిసన్‌కు బంధువు కాదు, ఇంటిపేరు ఒకటే. ఐదుసార్లు స్నూకర్ ప్రపంచ ఛాంపియన్. ఆమె కాలంలో మహిళల ఫైనల్‌ను షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్లో, మగవాళ్ల ఫైనల్ జరిగే బల్ల దగ్గరే ఆడించారు. ఎంత గౌరవం! కానీ ఆ గౌరవం ఎవరి చేతిలో ఉందంటే ప్రొఫెషనల్ స్నూకర్‌ను నడిపే పెద్ద సంఘం చేతిలో. 2003 తర్వాత వాళ్లు నిధులు ఆపేశారు. 2004లో మహిళల ప్రపంచ పోటీయే జరగలేదు. కెల్లీ కూడా అమెరికా దారి పట్టింది. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు ప్రపంచ ఛాంపియన్లు బ్రిటన్ వదిలి అమెరికా వెళ్లారు. ఒకచోట వాళ్లకు తలుపు తెరిచారు. ఇంకోచోట వాళ్లలాంటి ఆడవాళ్లే ఇల్లు కట్టుకొని ఉన్నారు.

వెళ్లకుండా ఇంగ్లండ్‌లోనే ఉండిపోయిన మనిషి రియాన్ ఎవాన్స్. 2005 నుంచి 2014 వరకు వరసగా పదిసార్లు ప్రపంచ విజేత, మొత్తం పన్నెండుసార్లు. 2014లో మగవాళ్ల ప్రపంచ విజేతకు మూడు లక్షల పౌండ్లు ఇస్తే, ఈమెకు పదో టైటిల్‌కు వచ్చింది రెండు వేల పౌండ్ల లోపు. ఒంటరి తల్లి, చిన్న కూతురు. ఒక సీజన్ ఆమెను ప్రొఫెషనల్ టూర్‌కు పిలిచారు, ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడింది. కొందరు చూశారా అన్నారు. నేనూ చూడమనే అంటాను. సంవత్సరానికి కొద్ది రోజులే గట్టి పోటీ దొరికే మనిషిని, రోజూ గట్టి పోటీలో మునిగి ఉండేవాళ్ల ముందు నిలబెట్టారు. ఆ మనిషే 2013లో ఒక ర్యాంకింగ్ టోర్నీ ప్రధాన దశకు అర్హత సాధించిన మొదటి మహిళ అయింది. 2015లో మాజీ ప్రపంచ ఛాంపియన్ కెన్ డొహర్టీతో 10-8 దాకా పోరాడి ఓడింది. రెండు ఫ్రేముల తేడా, స్నూకర్‌లో ఒక్కో ఆటను ఫ్రేము అంటారు.

అమెరికా కథ కూడా అంతా వెలుగే అని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత స్పాన్సర్లు తగ్గారు, టీవీలో వాళ్ల చోటూ తగ్గింది. ఏటా ఆరేడు టోర్నీలు ఉన్న టూర్ రెండు మూడింటికి పడిపోయింది. సొంత ఇల్లయినా పైకప్పు టీవీ డబ్బుదే మరి. కానీ సంఘం మూతపడలేదు. క్యాసినోల హాళ్లలో, చిన్న ప్రైజ్‌మనీతో, ఇంటర్నెట్ ప్రసారాలతో నడుపుకుంటూ వచ్చారు. ఇంగ్లండ్‌లో 1950 తర్వాత పోటీయే మాయమైపోయింది. ఇక్కడ చిక్కిపోయింది గానీ చావలేదు. తేడా అక్కడుంది.

ఈలోగా ఆట తూర్పుకు తిరిగింది. చైనాలో పాన్ షావోటింగ్ 2007లో ప్రపంచ టైటిల్ గెలిచాక ఒక కొత్త తరం పుట్టుకొచ్చింది. ఫిలిప్పీన్స్ మహిళ రూబిలెన్ అమిత్ రెండుసార్లు టెన్ బాల్ ప్రపంచ టైటిల్ గెలిచి, 2024లో నైన్ బాల్ టైటిల్ కూడా అందుకుంది. కొరియాలో 2019లో త్రీ కుషన్‌కు మగవాళ్ల టూర్, మహిళల టూర్ రెండూ ఒకేసారి మొదలుపెట్టారు. మరుసటి ఏడు జట్ల లీగ్ కూడా పెట్టారు, ఒక్కో జట్టులో మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసే ఉంటారు. పూల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన కిమ్ గాయంగ్ ఆ టూర్ కోసం ఆటే మార్చుకుంది, ఇప్పుడక్కడ ఆమెదే పైచెయ్యి. ప్రైజ్‌మనీలో ఇప్పటికీ తేడా ఉంది. అయినా మొదటి రోజు నుంచి ఆడవాళ్లను లెక్కలో వేసుకొని కట్టిన టూర్ కాబట్టి నాకు దాని మీద గౌరవం.

స్నూకర్‌లో కూడా మార్పు వచ్చింది. 2021 నుంచి మహిళల టూర్‌లో పైకొచ్చినవాళ్లకు రెండేళ్ల ప్రొఫెషనల్ కార్డు, అంటే పెద్ద టూర్‌లో ఆడే హక్కు, ఇస్తున్నారు. మొదట రియాన్ ఎవాన్స్, హాంకాంగ్‌కు చెందిన ఎంగ్ ఆన్ యీ అందుకున్నారు. ఊరి లీగ్ నుంచి తప్పుకున్న రెబెకా కెన్నాకూ ఆ కార్డు వచ్చింది. థాయ్‌లాండ్ అమ్మాయి మింక్ 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2024లో చైనా అమ్మాయి బాయ్ యులు. అంటే ఇప్పుడు ఇంట్లో ఆడే పోటీ ఉంది, ఇంట్లోంచి బయటి మైదానానికి దారి కూడా ఉంది. 1991లో దారి మాత్రమే చూపించారు, ఇల్లు లేదు.

అమ్మా, ఇప్పుడు నీ ప్రశ్న. ఆడవాళ్లకు వేరే పోటీ ఎందుకు? చేతకాక కాదు. ఒక అమ్మాయి పదేళ్లపాటు ఆటలో నిలబడాలంటే ఏడాది పొడవునా మ్యాచ్‌లు కావాలి. గెలిచినప్పుడు నెల గడిచే డబ్బు కావాలి. ఓడితే మళ్లీ వచ్చే నెల ఆడే చోటు కావాలి. తనకంటే కొంచెం బాగా ఆడే ఇంకో అమ్మాయి కనిపించాలి. అది మహిళల టూర్ ఇస్తుంది. పెద్ద టూర్ తలుపు తెరిచి ఉంచాలి, తప్పకుండా. కానీ ఆ తలుపు దాకా నడిచి వెళ్లే కాళ్లు మహిళల టూర్‌లోనే గట్టిపడతాయి. రెండూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది తీసేస్తే ఏమవుతుందో అలిసన్ ఫిషర్ జీవితం చూపించింది.

మన దేశం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. స్వతంత్ర భారతదేశానికి ఏ ఆటలోనైనా మొదటి ప్రపంచ ఛాంపియన్‌ను ఇచ్చింది బిలియర్డ్సే, 1958లో విల్సన్ జోన్స్. ఆడవాళ్లలో బెంగళూరుకు చెందిన ఉమాదేవి నాగరాజ్ 2012లో బిలియర్డ్స్ ప్రపంచ టైటిల్ గెలిచింది. అదే ఊరి విద్యా పిళ్లై 2017లో ప్రపంచ స్నూకర్ ఫైనల్లో ఎంగ్ ఆన్ యీ చేతిలో 6-5తో, ఆఖరి ఫ్రేములో ఓడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2025 నవంబర్‌లో దోహాలో మన చెన్నై అమ్మాయి అనుపమ రామచంద్రన్ ఐబీఎస్ఎఫ్, అంటే అంతర్జాతీయ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య, జరిపే ప్రపంచ స్నూకర్ పోటీ ఫైనల్ ఆడింది. ఎదురుగా మళ్లీ అదే ఎంగ్ ఆన్ యీ. మళ్లీ ఆఖరి ఫ్రేము దాకా వచ్చింది, రెండు రెండు. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. ఈసారి అనుపమ గెలిచింది. ఆ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను, లేచి చప్పట్లు కొట్టాను.

మన దగ్గర ఇప్పటికీ ఆడపిల్లలకు ఏడాది పొడవునా నడిచే టూర్ లేదు. జాతీయ పోటీలు, ఎంపిక పోటీలు ఉన్నాయి, వాటి మధ్య నెలలు ఖాళీ. చెన్నైకీ బెంగళూరుకీ రైలెక్కితే రాత్రికి రాత్రి చేరిపోతాం. అక్కడ ఆడే అమ్మాయిలతో మన అమ్మాయిలు నెలకోసారి ఆడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమెరికాలో ముగ్గురు కూర్చుని మొదలుపెట్టారని మర్చిపోకండి.

గ్రంథాలయంవాళ్లు వెనక గదిలో ఒక చిన్న పూల్ బల్ల ఏర్పాటు చేశారు, నేను నా క్యూలు మూడు తెచ్చాను. ప్రశ్నలుంటే అక్కడ అడగండి. మూడో వరసలో అమ్మాయీ, ముందు నువ్వు రా. బంతులేవీ వేయవద్దు. తెల్ల బంతిని నేరుగా ఎదుటి అంచుకు కొట్టు, తిరిగొచ్చి నీ క్యూ కొనకు తగులుతుందేమో చూద్దాం.